జూ జంతువుల ఛాతీలోకి తొంగిచూసిన ఎక్స్-రే

ఒంట్లో ఎక్స్-రేకు బాగా లొంగే భాగం ఛాతీ. ఊపిరితిత్తుల నిండా గాలే కాబట్టి కిరణాలు వాటిగుండా సులువుగా దూసుకుపోయి ఫిల్మును నల్లబరుస్తాయి. పక్కటెముకలు, వెన్నెముక కిరణాలను ఆపి తెల్లగా మిగులుతాయి. రక్తం నిండిన గుండె ఈ రెంటికీ మధ్య బూడిదరంగులో తేలుతుంది. మందులేవీ ఎక్కించకుండానే ఇన్ని అవయవాలు విడివిడిగా కనిపించే చోటు అది. క్షణం కూడా నిలకడగా ఉండని చోటూ అదే. మనిషికైతే ఊపిరి బిగపట్టమని చెప్పవచ్చు. పులికి చెప్పేదెవరు? జంతు ప్రదర్శనశాలల్లో ఛాతీ ఎక్స్-రే చరిత్ర ఈ చిక్కుతోనే మొదలవుతుంది. దానికి మరో చిక్కు తోడైంది. చిత్రంలో కనిపించేది జబ్బు గుర్తా, ఆ జాతి పుట్టుక తీరేనా అని తేల్చడానికి పోల్చుకునే చిత్రం ఉండేది కాదు. మొదటి చిక్కు తీరడానికి సుమారు 70 ఏళ్లు పట్టింది. రెండోది ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

కత్తి చూపిన ఛాతీ

ఎక్స్-రేకు ముందు వన్యప్రాణి ఛాతీ గురించి తెలిసిందంతా శవపరీక్షల వల్ల తెలిసిందే. 17వ శతాబ్దంలో వెర్సాయ్ రాజోద్యానంలో చనిపోయిన జంతువులను పారిస్ సైన్స్ అకాడమీ పండితులు కోసి పరిశీలించేవారు. క్లాడ్ పెరో ఆధ్వర్యంలో ఆ వివరాలు 1671 నుంచి బొమ్మలతో సహా అచ్చయ్యాయి. 1681 జూన్ 17న డబ్లిన్‌లో ప్రదర్శన కోసం తెచ్చిన ఏనుగు ఒకటి అగ్నిప్రమాదంలో చనిపోయింది. అలెన్ ములెన్ అనే వైద్యుడు దాని కళేబరాన్ని హడావుడిగా కోసి, చూసిన సంగతులను మరుసటి ఏడు పుస్తకంగా తెచ్చాడు. 1826లో ఏర్పడిన లండన్ జంతుశాస్త్ర సంఘం ఈ పనిని ఏకంగా ఉద్యోగంగా మార్చింది. తన జూలో చనిపోయే జంతువులను కోసి, అవయవాల తీరు నమోదు చేయడానికి 1865లో జేమ్స్ మ్యూరీని ‘ప్రొసెక్టర్’గా నియమించింది. ఆ తర్వాత గారడ్, ఫోర్బ్స్, బెడార్డ్ ఆ పదవిలో పనిచేశారు. పక్షుల, క్షీరదాల అంతర్నిర్మాణం గురించి 19వ శతాబ్దపు ఇంగ్లండు సంపాదించిన జ్ఞానంలో పెద్ద వాటా ఆ శవాల గది నుంచి వచ్చిందే.

కత్తికి ఒక పరిమితి ఉంది. బతికున్న జంతువు ఊపిరితిత్తి సాగదీసిన రబ్బరు లాంటిది. ఛాతీ గోడను అంటిపెట్టుకుని ఉన్నంతసేపే అది విప్పారి ఉంటుంది. గోడకు గాటు పడి బయటి గాలి లోపలికి చొరబడగానే ముడుచుకుపోతుంది. పక్షుల గాలితిత్తులు ఉల్లిపొర కన్నా పలచన, వేలు తగిలితే చిరిగిపోతాయి. ఆగిన గుండె ఆకారం మారుతుంది. ఉదరవితానం జారి, బతికున్నప్పుడు అది ఎక్కడ నిలిచేదో తెలియకుండా పోతుంది. కాబట్టి ప్రొసెక్టర్ల పుస్తకాల్లో అవయవాలు సరిగానే ఉన్నా, అవి బతుకులో సర్దుకుని ఉండే తీరు మాత్రం ఊహగానే మిగిలింది.

గాజుపలక మీద నీడలు

1895 నవంబరు 8న వుర్ట్స్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జన్ కొత్త కిరణాలను గమనించాడు. కొన్ని వారాలకే వియన్నాలో యోసెఫ్ మరియా ఎడర్, ఎడువార్డ్ వాలెంటా ఆ కిరణాలతో చిత్రాలు తీయడం మొదలుపెట్టారు. 1896లో వాళ్లు వెలువరించిన 15 ఫలకాల సంపుటిలో మనిషి చేతులతో పాటు కప్పలు, చేపలు, ఎలుక, ఊసరవెల్లి, పాము ఉన్నాయి. చుట్టుకున్న పాము పక్కటెముకలు దువ్వెన పళ్లలా వరసగా కనిపించే ఆ చిత్రం ఇప్పటికీ ప్రసిద్ధమే. 1897లో లండన్‌లో గ్రీన్, గార్డినర్ బ్రిటిష్ కప్పల, సరీసృపాల ఎక్స్-రే చిత్రాలను పుస్తకంగా తెచ్చారు. అదే ఏడాది గ్లాస్గోలో జాన్ మెకింటైర్ కప్ప కాలు కదలికను ఎక్స్-రే చలనచిత్రంగా చూపాడు.

తొలి చిత్రకారులు చిన్న, పలుచని జీవులనే ఎంచుకోవడానికి కారణం యంత్రాల బలహీనత. నాటి గొట్టాల నుంచి వెలువడే కిరణాలు నీరసంగా ఉండేవి, గాజుపలక మీద నీడ పడటానికి నిమిషాల తరబడి వేచి ఉండాల్సి వచ్చేది. ఎముకలకు ఆ ఆలస్యం పెద్ద ఇబ్బంది కాదు. ఊపిరి పీల్చే ఛాతీకి మాత్రం అంతసేపట్లో పదుల కదలికలు పడి, చిత్రమంతా అలుక్కుపోయేది. 1913లో విలియం కూలిడ్జ్ రూపొందించిన కొత్త గొట్టం కిరణాల ధారను బలంగా, నమ్మకంగా, అదుపులో ఉండేలా చేసింది. చెదిరిన కిరణాలను అడ్డుకునే జాలీని గుస్తాఫ్ బుకీ కనిపెట్టాడు. ఫిల్ముకు ఇరుపక్కలా వెలుగును పెంచే తెరలు చేర్చారు. నిమిషాలు క్షణాలయ్యాయి, క్షణాలు క్షణంలో కొన్నో వంతుకు తగ్గాయి. లావుపాటి ఛాతీని తీయగల స్తోమత అప్పుడు వచ్చింది.

కిరణాల ముప్పు కూడా ఈ కాలంలోనే తెలిసివచ్చింది. ఎడిసన్ ప్రయోగశాలలో ఎక్స్-రే పని చేసిన క్లారెన్స్ డాలీ చేతులు పుండ్లుపడి, క్యాన్సర్‌తో 1904లో చనిపోయాడు. జంతువును చేతులతో పట్టుకుని చిత్రం తీయించే పద్ధతిలో ప్రతిసారీ కిరణాలు పట్టుకున్నవాడి చేతుల మీదా పడతాయి. జంతువును మనుషుల సాయం లేకుండా నిలపాలన్న పట్టుదలకు ఇదీ ఒక కారణం.

క్షయ తెచ్చిన అవసరం

జూలలో ఛాతీ మీద దృష్టి పడటానికి అసలు కారణం శాస్త్ర జిజ్ఞాస కాదు, క్షయ. కిక్కిరిసిన, గాలి ఆడని కోతుల ఇళ్లలో ఆ జబ్బు ఒక కోతికి సోకితే గదిలో అన్నిటికీ పాకేది. చూడవచ్చే జనం దగ్గు నుంచీ అంటుకునేది. ఫిలడెల్ఫియా జూ 1901లో వ్యాధి పరిశోధనశాల నెలకొల్పింది. అక్కడ పనిచేసిన హెర్బర్ట్ ఫాక్స్ ఏళ్ల తరబడి శవపరీక్షల వివరాలు పోగుచేసి, 1923లో బంధిత వన్య క్షీరదాల, పక్షుల వ్యాధుల మీద పెద్ద గ్రంథం రాశాడు. కోతులకు ట్యూబర్‌క్యులిన్ సూది వేసి, క్షయ ఉన్నవాటిని వేరుచేసే పద్ధతి అక్కడే గట్టిపడింది. 1916లో న్యూయార్క్ బ్రాంక్స్ జూ, 1927లో శాన్ డియేగో జూ సొంత ఆసుపత్రులు కట్టుకున్నాయి.

మనుషుల క్షయ ఆసుపత్రుల్లో ఛాతీ ఎక్స్-రే అప్పటికే నిత్యకృత్యం. అదే ఉపాయం కోతులకూ వర్తించింది. కాకపోతే కోతుల్లో జబ్బు నడక వేరు. మనిషి ఊపిరితిత్తిలో క్షయ గాయం తరచు సున్నం పట్టి తెల్లటి మచ్చగా నిలుస్తుంది. రీసస్ కోతిలో అది అలా గడ్డకట్టకముందే వేగంగా పాకుతుంది. ఫిల్ము మీద మచ్చలు తేలేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అందుకే సూది పరీక్ష ముందు, దాన్ని రుజువు చేసుకోవడానికి ఎక్స్-రే తర్వాత అనే వరస స్థిరపడింది. నేటికీ కొత్తగా వచ్చిన కోతిని మందలో కలిపే ముందు వేరుగా ఉంచే రోజుల్లో ఈ వరసనే పాటిస్తారు.

నిలపడం అనే విద్య

1950ల దాకా పెద్ద జంతువును నిలపడానికి ఉన్నవి తాళ్లు, వలలు, పక్కగోడ జరుపుతూ ఇరుకు చేసే బోను. చిన్న కోతిని తోలు చేతొడుగులతో పట్టుకోవచ్చు గానీ చింపాంజీని పట్టలేరు. ఇరుకు బోనులో సూది వేయవచ్చు, అయితే ఇనుప కమ్మీల గుండా తీసిన ఎక్స్-రేలో కమ్మీలే కనిపిస్తాయి. భయంతో ఎగశ్వాస పెట్టే జంతువు ఛాతీ చిత్రం ఎందుకూ కొరగాదు.

1950లలో అమెరికాలోని జార్జియాలోనూ, న్యూజీలాండ్‌లో కోలిన్ మర్డాక్ చేతిలోనూ మత్తు బాణాన్ని దూరం నుంచి పేల్చే తుపాకులు తయారయ్యాయి. తుపాకీ కన్నా మందు కుదరడమే ఎక్కువ కాలం తీసుకుంది. మొదట్లో వాడిన సక్సినైల్‌కోలిన్ కండరాలను చచ్చుబరిచేది, స్పృహను మాత్రం పోగొట్టేది కాదు. మోతాదు కాస్త ఎక్కువైతే ఊపిరి ఆడించే కండరాలూ ఆగి జంతువు చనిపోయేది. ఆ తర్వాత మాంసాహారులకు, కోతులకు ఫెన్‌సైక్లిడిన్ వచ్చింది. 1960లలో ఏనుగులు, ఖడ్గమృగాల వంటి భారీ జంతువులకు ఎటార్ఫిన్ దొరికింది. పిసరంత మోతాదుతోనే పనిచేసే ఆ మందు మనిషికి ప్రాణాంతకం, కానీ దానికి విరుగుడు మందు ఉంది. 1962లో తయారైన కీటమిన్ ఫెన్‌సైక్లిడిన్ స్థానాన్ని ఆక్రమించింది. మ్యూనిక్‌లోని హెలాబ్రున్ జూ పశువైద్యుడు హెన్నింగ్ వీస్నర్ కీటమిన్‌ను, జైలజిన్‌ను కలిపి తయారుచేసిన మిశ్రమం ఆ జూ పేరుతోనే ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది.

అదే కాలంలో జూ వైద్యం ప్రత్యేక వృత్తిగా రూపుకట్టింది. లండన్ జూ 1951లో ఆలివర్ గ్రాహం-జోన్స్‌ను పూర్తికాలపు పశువైద్యుడిగా నియమించి, 1956లో ఆసుపత్రి కట్టించింది. తూర్పు బెర్లిన్ కేంద్రంగా 1959 నుంచి జూ జంతువుల వ్యాధులపై అంతర్జాతీయ సదస్సులు జరిగాయి. 1978లో మరే ఫౌలర్ సంపాదకత్వంలో వచ్చిన జూ, వన్యప్రాణి వైద్య గ్రంథం ఈ వృత్తికి పాఠ్యపుస్తకమైంది.

బల్ల మీద పులి

నేడు పులి ఛాతీ ఎక్స్-రే తీసే పద్ధతిలో ఈ చరిత్ర అంతా ఇమిడి ఉంది. ముందురోజు ఆహారం ఆపుతారు. బాణం తగిలిన తర్వాత పులి మెల్లగా తూలి, పక్కకు ఒరుగుతుంది. కర్రతో తాకి, చెవి కదిపి, స్పందన లేదని రూఢి చేసుకున్నాకే తలుపు తీస్తారు. కీటమిన్ మత్తులో కళ్లు తెరిచే ఉంటాయి కాబట్టి అవి ఎండిపోకుండా లేపనం రాసి గుడ్డ కప్పుతారు. నాలుకను పక్కకు లాగి వాయునాళంలోకి గొట్టం దింపుతారు.

బల్ల మీద పులిని ఒక పక్కకు పడుకోబెట్టి ముందు కాళ్లు రెంటినీ తాడుతో ముందుకు లాగి కడతారు. లేకపోతే భుజాల కండ బరువైన నీడగా పడి, ఊపిరితిత్తి ముందు తమ్మె కనిపించదు. ఇసుక సంచులతో ఒంటిని సర్దుతారు. గొట్టానికి తగిలించిన సంచిని మత్తు వైద్యుడు మెల్లగా నొక్కి ఊపిరితిత్తుల నిండా గాలి నింపి పట్టుకుంటాడు. సరిగ్గా ఆ క్షణంలోనే మీట నొక్కుతారు. పులికి చెప్పలేని ‘ఊపిరి బిగపట్టు’ను ఇలా చేయిస్తారు. సీసం అంగీలు తొడుక్కున్నవాళ్లు కూడా ఆ క్షణంలో బల్లకు దూరంగా జరుగుతారు.

ఒక్క చిత్రంతో పని అయిపోదు. మత్తులో పక్కకు పడుకున్న జంతువుకు కింది ఊపిరితిత్తి ఒంటి బరువుకు నలిగి, గాలి తగ్గి తెల్లబారుతుంది. తెలియనివాళ్లు దాన్ని న్యుమోనియా అనుకునే ప్రమాదముంది. అందుకే కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి, వెల్లకిలా ఒకటి తీస్తారు. పక్క మార్చగానే మాయమయ్యే తెలుపు నలుగుడు వల్ల వచ్చింది. మార్చినా ఉండే తెలుపు జబ్బు.

జీవికో ఛాతీ

పక్షులకు క్షీరదాల మాదిరి ఉదరవితానం లేదు. ఊపిరితిత్తులు వీపు పక్కటెముకలకు అతుక్కుని పెద్దగా సాగకుండా ఉంటాయి. గాలిని లాగి వదిలే పని కొలిమి తిత్తుల్లాంటి గాలితిత్తులది. పక్షిని వెల్లకిలా పడుకోబెట్టి, ఎద ఎముక గట్టు నీడ సరిగ్గా వెన్నెముక నీడ మీద పడేలా సర్దుతారు. అది రవ్వంత పక్కకు తప్పినా కుడి ఎడమలను పోల్చడం కుదరదు. సరిగా తీసిన చిత్రంలో గుండె, కాలేయం కలిసి నడుము సన్నని డమరుకంలా కనిపిస్తాయి. ఆ నడుము పూడుకుపోతే కాలేయమో గుండో ఉబ్బిందని అర్థం. జూ పెంగ్విన్లను పీడించే ఆస్పర్జిల్లస్ బూజు గాలితిత్తుల్లోనే చేరుతుంది. మామూలుగా కనిపించని తిత్తి గోడలు మందమై గీతల్లా తేలినప్పుడు వైద్యులు దాన్ని పసిగడతారు.

తాబేలు ఊపిరితిత్తులు డిప్ప పైభాగానికి ఆనుకుని ఉంటాయి. పైనుంచి కిరణం పంపితే డిప్ప, పేగులు, ఊపిరితిత్తులు ఒకే నీడగా కలిసిపోతాయి. అందుకే తాబేలును మామూలుగా నిలబెట్టి, కిరణాన్ని నేలకు సమాంతరంగా తల వైపు నుంచి, పక్క నుంచి పంపుతారు. చాలా పాముల్లో ఎడమ ఊపిరితిత్తి లేదు లేదా నామమాత్రం. కొండచిలువకు మాత్రం రెండూ ఉంటాయి. దాన్ని గజాల పొడవున ముక్కలు ముక్కలుగా తీసి, ఏ చిత్రం ఎక్కడిదో తెలిసేలా ఒంటికి గుర్తులు అంటిస్తారు.

కదలికను నిలపడమే కష్టంగా ఉన్న ఛాతీని కదులుతుండగానే చూడాలన్న పట్టుదల మరో దారి తీసింది. సముద్రపు లోతుల్లో ఒత్తిడికి జంతువుల వాయుగోణులు ముడుచుకుపోయి, గాలి గట్టి నాళాల్లోకి చేరుతుందని 1940లో షోలాండర్ ప్రతిపాదించాడు. 1970లో జెరాల్డ్ కూయ్‌మన్ బృందం సీళ్లను ఒత్తిడి గదిలో ఉంచి, వాయునాళాల ఎక్స్-రేలు తీసి, ఒత్తిడి పెరిగేకొద్దీ అవి ఎలా నొక్కుకుపోతాయో ప్రచురించింది. 1988లో జెంకిన్స్, డయల్, గాస్లో మన గోరువంకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ పక్షులను గాలి సొరంగంలో ఎగరనిచ్చి ఎక్స్-రే చలనచిత్రం తీశారు. ఛాతీ ముందు రెండు జత్రుకలు కలిసి ఏర్పడిన చీలిక ఎముక, ప్రతి రెక్క దెబ్బకూ స్ప్రింగులా విచ్చుకుని మళ్లీ దగ్గరవుతోందని అందులో తేలింది. ఎలిగేటర్ల మీద తీసిన ఇలాంటి చిత్రాల్లో అవి ఊపిరి పీల్చేటప్పుడు కాలేయం వెనక్కు జరిగి, ఊపిరితిత్తులకు చోటిచ్చే తీరు కనిపించింది. ఎన్ని కళేబరాలను కోసినా ప్రొసెక్టర్లకు తెలియని సంగతులివి.

మామూలు అంటే ఏది?

మత్తు విద్య కుదిరాక రెండో చిక్కు పైకి వచ్చింది. జూ వైద్యుడు సింహం చిత్రాన్ని పిల్లి చిత్రంతో, తోడేలు చిత్రాన్ని కుక్క చిత్రంతో పోల్చుకునేవాడు. లీమర్‌ను, ఎర్ర పాండాను దేనితో పోల్చాలి? పక్కటెముకల లెక్కే జాతికో తీరు. మనిషికి 12 జతలు, కుక్కకు 13, గుర్రానికి 18, ఏనుగుకు 19 నుంచి 21, రెండు గోళ్ల స్లాత్‌కు 20 పైచిలుకు.

గుండె ఉబ్బిందో లేదో చెప్పే కొలత కుక్కల వైద్యం నుంచి వచ్చింది. 1995లో బుకానన్, బ్యూకెలర్ ఒక సులువైన లెక్క చెప్పారు. పక్కనుంచి తీసిన చిత్రంలో గుండె పొడవును, అడ్డుకొలతను తీసుకుని, ఆ రెంటినీ నాలుగో ఛాతీ వెన్నుపూస నుంచి మొదలుపెట్టి వెన్నెముక మీద పరచాలి. ఎన్ని పూసలు పట్టాయో కూడితే వచ్చేదే గుండె కొలత. ఆరోగ్యమైన కుక్కలో అది సుమారు 9.7, పిల్లిలో 7.5. అంగుళాలతో పనిలేదు, ఎవరి పూసలే వాళ్లకు కొలబద్ద. అందుకే చిన్న కోతి నుంచి పెద్దపులి దాకా ఈ లెక్కను అన్వయించడం వీలైంది. అయితే కుక్క సంఖ్యను కోతికి అంటగట్టకూడదు. జాతిజాతికీ ఆరోగ్యమైన జంతువులను తీసి, వాటి సగటును వేరుగా నిర్ణయించాలి.

ఇది చాలా ఓపిక పని. ఎక్స్-రే కోసమే జంతువుకు మత్తు ఇవ్వడం ప్రమాదం. కాబట్టి ఏటేటా జరిగే ఆరోగ్య పరీక్ష కోసం మత్తు ఇచ్చినప్పుడే ఛాతీ చిత్రాలూ తీసి దాస్తారు. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా విశ్వవిద్యాలయంలో మోడెస్టా మకుంగు బృందం తోక చారల లీమర్ల ఛాతీ చిత్రాలను ఇలాగే సమీకరించి ప్రచురించింది. గుండె ఎక్కడ ఆనుతుంది, వాయునాళం ఏ కోణంలో వాలుతుంది, ఉదరవితానం ఏ పూస దగ్గర నిలుస్తుంది అన్న వివరాలతో ఇలాంటి అధ్యయనాలు ఒక్కో జాతికి ఒక్కో పటం గీస్తాయి. ప్రొసెక్టర్లు శవాలతో చేసిన జాబితా పనిని ఇవి బతికున్న ఒంటి మీద మళ్లీ చేస్తున్నాయి.

నీడ చేరని చోట్లు

ఏనుగు దగ్గర ఎక్స్-రే ఓడిపోతుంది. పెరిగిన ఏనుగు ఛాతీ లావు కిరణాలను మింగేస్తుంది. విచిత్రమేమిటంటే ఏనుగు ఛాతీలోని అతి పెద్ద వింతను కత్తి ఏనాడో చూపింది. తక్కిన క్షీరదాల్లో ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య జారుడు ఖాళీ ఉంటుంది. ఏనుగులో ఆ చోటును బంధన కణజాలం పూడ్చేసి ఊపిరితిత్తిని గోడకు అతికిస్తుంది. తొండాన్ని నీటిపైకెత్తి, ఒళ్లంతా మునిగి ఊపిరి తీసేటప్పుడు ఒత్తిడి తేడాను తట్టుకోవడానికే ఈ ఏర్పాటని 2000ల ఆరంభంలో జాన్ వెస్ట్ వాదించాడు. 1996లో అమెరికాలో రెండు సర్కస్ ఏనుగులు క్షయతో చనిపోయాక, మరుసటి ఏడు అక్కడ నియమావళి వచ్చింది. అందులో ప్రధాన పరీక్ష ఎక్స్-రే కాదు. తొండంలోకి ఉప్పునీరు పోసి, ఏనుగు చేతే బయటికి చీదించి, ఆ నీటిలో సూక్ష్మజీవులను పెంచి చూడటం. ఒరాంగుటాన్ మెడ నుంచి చంకల దాకా వ్యాపించే గాలి సంచి కూడా ఛాతీ చిత్రాన్ని చదవనీయక తికమకపెడుతుంది. అక్కడ అడ్డకోతలుగా చూపే సీటీ స్కాన్ మేలు.

2020 మార్చి చివర్లో బ్రాంక్స్ జూలో నాదియా అనే నాలుగేళ్ల మలయా పులి పొడి దగ్గుతో బాధపడింది. మత్తిచ్చి తీసిన ఛాతీ చిత్రాల్లో ఊపిరితిత్తి అంచుల్లో అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు కనిపించాయి. స్రావాల పరీక్షలో కొవిడ్ అని తేలింది. మరుసటి ఏడాది మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని 8 ఆసియా సింహాలకు అదే వైరస్ సోకినట్లు సీసీఎంబీ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ముక్కు, గొంతు, శ్వాసమార్గం నుంచి నమూనాలను మత్తిచ్చే తీసుకున్నారు. ఆ సింహాలు కోలుకున్నాయి. వైరస్ ఉందో లేదో చెప్పేది స్రావాల పరీక్ష. జబ్బు ఊపిరితిత్తిలో ఎంత మేర పాకిందో చెప్పగలిగేది ఛాతీ చిత్రం.

డిజిటల్ ఫలకాలు వచ్చాక డార్క్ రూమ్ పోయింది. చిత్రం తెర మీద వెంటనే పడుతుంది, తప్పు పడితే జంతువు మత్తు వదలకముందే మళ్లీ తీయవచ్చు. కొన్ని జూలలో మత్తు కూడా లేకుండా, మేత ఆశ చూపి, జంతువు తనంతట తానే ఫలకానికి ఆనుకుని కదలకుండా నిలిచేలా నేర్పుతున్నారు. పాదాలు, మోచేతుల చిత్రాలకు ఈ శిక్షణ బాగా పనికొస్తోంది. ఛాతీకి ఇంకో మెట్టు మిగిలే ఉంది. జంతువు నిలిచినా దాని ఊపిరి ఆగదు కాబట్టి, గాలి నిండుగా పీల్చిన క్షణం కనిపెట్టి మీట నొక్కాల్సింది మనిషే.